మా మరిది పరిచిన నడపావడ

పెళ్ళి హెలికాప్టరు దిగుతూ దిగుతూ పడిపోయి ఒకరు చనిపోయారని మీరు పేపర్లో చదివే ఉంటారు. లక్సెట్టిపేట దాటాక, గోదావరి వైపు ఉన్న మామిడితోటలో. ఆ ఒకరు మా మరిది. ఆయన గురించి పేపర్లో రెండు ముక్కలే రాశారు. ఒకటి, చనిపోయాడని. రెండు, ఆయన నిర్లక్ష్యంగా పరిచిన బట్టే రెక్కలో చిక్కుకుందని. మొదటి ముక్క నిజం. రెండో ముక్క సంగతి తేల్చడానికే నేను కూర్చున్నాను.

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మా వాడకట్టు అంగన్‌వాడీ టీచరమ్మ రాస్తోంది. నా వాక్యాలు ఆమె సర్దుకోవచ్చు. మనుషులు మాట్లాడిన మాటలు మాత్రం సర్దవద్దని ముందే ఒట్టు వేయించుకున్నాను.

మేం చాకలివాళ్ళం. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన రోజు మా మరిదికి ఇంకా పాలపళ్ళే. పెళ్ళికూతురు అత్తగారింటికి వచ్చేటప్పుడు ఆమె పాదం మట్టికి తగలకుండా మా వాళ్ళు ఉతికిన బట్టలు పరుస్తారు. దాన్ని నడపావడ అంటారు. అడుగు ముందు ఒక బట్ట, అడుగు వెనక ఒక బట్ట. దాటిన బట్టను వెనక నుంచి తీసి మళ్ళీ ముందుకు తెచ్చి పరుస్తూ ఇంటిదాకా తీసుకొస్తారు. ఊరందరి కోడళ్ళకూ పరిచే మా మామ ఆ రోజు తన కోడలికి పరిచాడు. వెనక నుంచి బట్ట తీసి ముందుకు ఉరికింది మా మరిది. జారిపోతున్న లాగును ఒక చేత్తో పట్టుకుని, ఒక చేత్తో బట్ట ఈడ్చుకుంటూ నా పక్క నుంచి ఉరుకుతుంటే నేను తల వంచుకునే నవ్వాను. ఆ ఇంట్లో నేను మొదట నవ్వింది ఆయన్ని చూసే.

అత్త అప్పటికే లేదు. రెండేళ్ళకు మామ కూడా పోయాడు. నా భర్త ఇస్త్రీపెట్టె పట్టుకుని మంచిర్యాలలో ఉండేవాడు. మరిదికి రేవు పని నేర్పింది నేనే. నీలిమందు ఎంత వేయాలో, ఏ బట్టను బండకు కొట్టాలో, ఏ బట్టను చేత్తో పిసకాలో చెప్పాను. మొట్టమొదట ఆయన తానొక్కడే నడపావడ పరిచిన పెళ్ళికి నేనూ చూడ్డానికి పోయాను. ఆ రోజు గాలి బాగా ఉంది. బట్ట లేస్తోందని దాని కొనమీద చిన్న రాయి పెట్టాడు. నేను అందరి ముందే చెంప మీద ఒక్కటిచ్చాను.

"పెండ్లికూతురి తొవ్వల రాయి పెడ్తవారా? ఆమె బతుకుల రాయి పడ్డట్టు కాదా?"

చెంప పట్టుకుని నిలబడ్డాడు. ఏడవలేదు. మోకాళ్ళ మీద కూర్చుని బట్ట కొనను రెండు చేతులతో అదిమిపట్టి, ఆమె దాటేదాకా అట్లాగే ఉన్నాడు. ఆ తర్వాత ఎన్ని పెళ్ళిళ్ళలో ఎంత గాలి వచ్చినా ఆయన రాయి ముట్టలేదు. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి.

మా మరిదికి కూడా చదువు రాదు. కానీ ఏ ఇంటి బట్ట ఏదో చీకట్లో తడిమి చెప్పేవాడు. "బట్ట చెప్తది వదినె" అనేవాడు. దుప్పటి పట్టుకుని ఆ ఇంట్లో రోగం ఉందని, తువ్వాల చూసి ఆ మనిషి మళ్ళీ తాగుడు మొదలుపెట్టాడని కనిపెట్టేవాడు. కనిపెట్టినదాన్ని నాకు తప్ప ఎవరికీ చెప్పేవాడు కాదు. నేను మాత్రం నోరు ఆగక ఒకటి రెండుసార్లు ఎక్కడో అనేశాను. అప్పుడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. "ఉతుకుమని ఇచ్చిండ్రు. సూడుమని ఇయ్యలే" అన్నాడు మూడో రోజు.

ఆయన మాటల్లో ఎక్కువ నా చెవిలో ఉన్నది ఇంకొకటి. "జర ఆగు వదినె, గాలి మళ్ళనీ." ఇసుక మీద బట్టలు ఆరేసే ముందు గుప్పెడు ఇసుక తీసి మెల్లగా జారవిడిచేవాడు. అది ఎటు పడితే అటు గాలి. పొద్దున ఏటి మీది నుంచి వస్తుంది, ఎండ ఎక్కితే అటు తిరుగుతుంది. తిరిగేదాకా కూర్చుని బీడీ తాగేవాడు. నేను తిట్టేదాన్ని. ఒకసారి కొండగట్టు పోయినప్పుడు మెట్ల దగ్గర నా మూటను కోతి ఎత్తుకెళ్ళి రేకు మీద కూర్చుంది. అందులో ఆయన కొత్త పంచె. నేను చెప్పు విసరబోతే చెయ్యి పట్టుకున్నాడు. "జర ఆగు, గాలి మళ్ళనీ." కోతికి గాలేమిట్రా అన్నాను. కాసేపటికి అది కొబ్బరిచిప్ప కోసం దిగి మూట వదిలేసింది. "సూడు, మళ్ళింది గద" అన్నాడు. ఇంటికి వచ్చేదాకా బస్సులో అదే నవ్వు.

నా భర్త మంచాన పడి ఉన్న ఏడాది ఆయన బట్టలు నన్ను ముట్టనివ్వలేదు మా మరిది. తెల్లారకముందే మూట కట్టుకుని రేవుకు పోయేవాడు. నేను విధవనయ్యాక పొయ్యి మీది మొదటి చాయ నాకే పోసేవాడు. నా నోరు చెడ్డది. వాడలో నన్ను చూసి జనం తప్పుకుంటారు. ఆయన తప్పుకోలేదు. "మా వదినె నోట్ల సౌడున్నది. ఉతుకుడు మంచిగుంటది" అనేవాడు. సౌడంటే మురికి పోవడానికి మేం బట్టలకు పట్టించే చౌడుమట్టి. ఆయనకు కృతజ్ఞత అనే మాట నేను ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు టీచరమ్మ చేత రాయిస్తున్నాను.

ఊళ్ళో బట్టలుతికే మిషన్లు వచ్చాయి. పెళ్ళిళ్ళు ఫంక్షన్ హాళ్ళకు పోయాయి. అక్కడ ఎర్రటి చాప ఒకటి పొద్దుటి నుంచి రాత్రిదాకా పరిచే ఉంటుంది. మా మరిది భార్య పోయింది. కొడుకు దుబాయిలో ఆస్పత్రి బట్టలుతికే కంపెనీలో పనికి కుదిరాడు. ఊళ్ళో మాకు మిగిలింది శవం మీద బట్ట పరిచే పని ఒక్కటే. అట్లాంటి రోజుల్లో తోట నుంచి కబురు వచ్చింది. తోట ఆసామి కొడుకు పెళ్ళి. పెళ్ళికూతురు హెలికాప్టరులో దిగుతుంది. పాత పద్ధతిలో నడపావడ పరవాలి.

"ఇంకా గీ పని అడిగెటోళ్ళున్నరు వదినె!" అన్నాడు. అంత వయసులో ఆయన ముఖం నేను పెళ్ళినాడు చూసిన ముఖంలా అయింది. మూడు రోజులు ఆ బట్టలు ఉతికాడు. గంజి పెట్టనివ్వలేదు, ఆ పిల్ల పాదాలకు గరుకు తగులుతుందని. పూరెక్కల్లా తేలిగ్గా ఉన్నాయి.

ఆ పొద్దున ఇద్దరం మూట పట్టుకుని వెళ్ళాం. మామిడిచెట్లన్నీ పూత మీద ఉన్నాయి. చెట్ల నడుమ చదును చేసిన నేల మీద సున్నంతో పెద్ద గుండ్రం గీసి, మధ్యలో ఒక్క మెట్టే ఉన్న నిచ్చెన లాంటి ఇంగ్లీషు అక్షరం రాశారు. దుమ్ము లేవకూడదని ట్యాంకరుతో నీళ్ళు కొట్టారు. నీళ్ళు కొడితే బురద. బురదలో పెళ్ళికూతురు చీర పాడవుతుంది. అందుకని బట్ట కావాలి. ఒకదానికోసం ఒకటి చేసుకుంటూ పోయారు.

అక్కడ పనులు చూస్తున్న మేనేజరు చెవిలో ఏదో పెట్టుకుని, తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు తిరుగుతున్నాడు.

"ఏ తాతా, బట్టలు తెచ్చినవా? పరువు పరువు, జల్ది."

"దిగినంక పరుస్త సారూ. పెండ్లికూతురు కాలు తీస్తుంటె ముందల పరుసుకుంట పోవాలె. అది పద్ధతి."

"పద్ధతి నీ ఇంట్ల పెట్టుకో. పైకెల్లి వీడియో తీస్తరు. వాళ్ళు దిగెటాల్లకు తొవ్వంత తెల్లగ కనవడాలె."

"లేస్తయి సారూ. గాలికి."

"ఏడున్నది గాలి? ఆకు కదుల్తలేదు."

అది నిజమే. మా మరిది అలవాటు ప్రకారం నీళ్ళు పడని చెట్టు మొదట్లో పొడిమట్టి చిటికెడు తీసి జారవిడిచాడు. అది నిలువునా కాళ్ళ దగ్గరే పడింది. ఏటి గాలి తెలుసు ఆయనకు, గుట్టల మీది గాలి తెలుసు. పైనుంచి కిందికి కొట్టే గాలిని ఆయన బతుకులో చూడలేదు. నేనూ చూడలేదు. చూసినవాళ్ళు అక్కడ చాలామంది ఉన్నారు. ఒక్కరూ చెప్పలేదు.

పందిరి దగ్గర నుంచి పరుచుకుంటూ వచ్చాడు. "ఇంక ముందట్కి, ఇంక ముందట్కి" అంటూ మేనేజరు ఆఖరి బట్టను తెల్లగీత దాకా పరిపించాడు. అప్పుడు మా మరిది చెట్ల మొదళ్ళ దగ్గరికి పోయి నాలుగు రాళ్ళు ఏరుకొచ్చాడు. గుండెకు ఆనించుకుని తెచ్చాడు.

"రాళ్ళు పెడ్త వదినె. నాకు జర దిల్ ఒప్పుతలేదు."

నేను ఏమన్నానో చెబుతాను. దాచను.

"ముసలితనంల మతి పోయిందారా? పెండ్లికూతురి తొవ్వల రాయి పెడ్తవా? చిన్నప్పటి దెబ్బ యాది లేదా?"

మేనేజరు నవ్వాడు. "అవ్వ కరెక్టే చెప్పింది. రాళ్ళు వీడియోల మంచిగుండయ్."

మా మరిది నా వంక చూశాడు. మళ్ళీ ఆ నాలుగు రాళ్ళనూ మోసుకుపోయి, ఏ చెట్టు కింద రాయి ఆ చెట్టు కిందే పెట్టి వచ్చాడు. ఒకరి రాయిని కూడా అటూ ఇటూ చేసే మనిషి కాదు.

తర్వాత అది వచ్చింది. ముందు చప్పుడు, ఆ వెనక నీడ. జనం బంతిపూలు పట్టుకుని, ఫోన్లు పైకెత్తి, చేతులు ఊపుతున్నారు. అది కిందికి దిగుతున్నకొద్దీ మామిడిపూత రాలి కళ్ళలో కొట్టింది. గీత దగ్గరున్న బట్ట, పడుకున్న మనిషి లేచి కూర్చున్నట్టు లేచి కూర్చుంది. మా మరిది ఉరికాడు. భుజం మీది తువ్వాల తీసి రెండు చేతులూ పైకెత్తి ఊపాడు. ఆయన నోరు కదలడం చూశాను. పైకి పో, పైకి పో అంటున్నాడు. ఆ చప్పుడులో పక్కనున్న నాకే వినిపించలేదు.

లేచిన బట్టను పట్టుకుని దాని మీద బోర్లా పడ్డాడు. ఆ వెనక బట్టను ఒక చేత్తో అందుకోబోయాడు. అది దొరకలేదు. ఏట్లో సుడి లాగినట్టు, తోక దగ్గరి చిన్న రెక్క దాన్ని లాగేసుకుంది. హెలికాప్టరు తన చుట్టూ తాను తిరిగి ఒక పక్కకు ఒరిగింది. పెద్ద రెక్క నేలకు కొట్టుకుని విరిగింది. విరిగిన ముక్క మా మరిది మీదికి వచ్చింది.

అందరూ పెళ్ళికూతురి దగ్గరికి ఉరికారు. ఆ పిల్లకు చెయ్యి విరిగింది. పక్కనున్న పెళ్ళికొడుకు ముఖమంతా అద్దం ముక్కలు. నడిపిన మనిషి కాలు నలిగిపోయింది. వాళ్ళు బతికారు. బతకాల్సిందే, వాళ్ళ తప్పేముంది? మా మరిది దగ్గరికి నేనొక్కదాన్నే పోయాను. ఏం చూశానో టీచరమ్మను రాయవద్దన్నాను. ఒక్కటి మాత్రం రాయమన్నాను. చేతిలో బట్ట కొన ఇంకా గట్టిగా పట్టుకునే ఉంది. మూటలో ఒక బట్ట మిగిలింది. ఆ పిల్ల పాదాల కోసం ఉతికింది. అదే ఆయన మీద కప్పాను.

ఊళ్ళో ఎవరు పోయినా పాడె మీద బట్ట పరిచింది ఆయనే. ఆయన పాడె మీద నేను పరిచాను. కొడుకు దుబాయి నుంచి ఫోన్లో చూశాడు.

ఐదో రోజు మేనేజరు ఒక కాగితం, సిరా పెట్టె పట్టుకుని మా ఇంటికి వచ్చాడు.

"అవ్వా, ఒక్క ఏలుముద్ర. గంతే."

"ఏం రాసినవు బిడ్డా?"

"మామూలుదే అవ్వా."

"మామూలుదైతె చదువు."

ఏదో గొణిగాడు. నేను గోడ అవతలికి కేకేసి టీచరమ్మను పిలిచాను. ఆమె చదివింది. వద్దని చెప్పినా వినకుండా, ఎవరికీ తెలియకుండా, మా మరిది తన ఇష్టంతో బట్టలు పరిచాడని అందులో ఉంది.

"గా దినం నీ చెవిల పెట్టుకున్నదానితోని అడుగు, ఎవలు పరువుమన్నరో" అన్నాను. "నా బొటనవేలు సబ్బుకు అరిగింది బిడ్డా. రేషన్ మిషినే పట్టదు. నీ కాయిదం మీద అసలే పడది. లే ఈడికెల్లి."

ఆ సాయంత్రమే మరిది కొడుకు ఫోన్ చేశాడు. వాళ్ళు అతనిదాకా కూడా పోయారు.

"పెద్దమ్మా, పెట్టెయ్యరాదు? వాళ్ళు పెద్దోళ్ళు. మనకెందుకు లొల్లి? బాపు ఇగ రాడు గద."

"బాపు రాడు కొడుకా. బాపు పేరు ఊర్లెనే ఉంటది. రేపు నువ్వొస్తె, పెండ్లి హెలికాప్టర్ కూలగొట్టినోని కొడుకు వచ్చిండంటరు. ఇంటవా?"

అటువైపు మిషన్లు తిరుగుతున్న చప్పుడు వినిపించింది. "నీ ఇష్టం పెద్దమ్మా" అని పెట్టేశాడు.

హెలికాప్టరు నడిపిన మనిషి కరీంనగర్ ఆస్పత్రిలో ఉన్నాడని తెలిసి టీచరమ్మను వెంటబెట్టుకుని పోయాను. తిట్టాలనే పోయాను. కాలికి బరువు కట్టి వేలాడదీశారు. మా మరిది కొడుకు వయసువాడు. హిందీవాడు. నాకొచ్చిన తురక మాటలతో అడిగాను, కింద ముసలాయన చేతులు ఊపడం కనిపించలేదా అని. కనిపించిందన్నాడు. "అందరూ ఊపుతున్నారు అమ్మా. ఆయనా రమ్మంటున్నాడనుకున్నా" అన్నాడు. ఆయన మీకేమవుతారని అడిగాడు. కొడుకే అనుకో అన్నాను. ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. తెచ్చిన తిట్లు తెచ్చినట్టే పట్టుకుని బస్సెక్కాను.

తర్వాత పైనుంచి విచారణకు ఆఫీసర్లు వచ్చారు. తోటలో కొలతలు తీసుకుని, నన్ను పంచాయతీ ఆఫీసుకు పిలిపించారు. మేనేజరు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. బట్ట ముందే పరవమన్నది ఎవరని అడిగారు. వేలుపెట్టి చూపించాను. అతను తల దించుకున్నాడు. ఇంతలో కళ్ళద్దాల ఆఫీసరు ఇంకొకటి అడిగాడు.

"బట్ట లేవకుండ ఏమన్న బరువు పెట్టలేదా అమ్మా?"

తోడు వచ్చిన టీచరమ్మ నా చెయ్యి గిల్లింది. "అవ్వా, రాళ్ళ ముచ్చట చెప్పకు. గదే పట్టుకుంటరు" అని చెవిలో అంది. ఆ పిల్ల నా మంచికే చెప్పింది. అక్కడికి పోయేదాకా నేను కూడా చెప్పకూడదనే అనుకున్నాను. పదహారు రోజులుగా ఆ నాలుగు రాళ్ళు నా గుండె మీదే ఉన్నాయి. కానీ అది దాస్తే మా మరిదికి ఏమీ తోచలేదని అవుతుంది. గాలి సంగతి ఎరగనివాడని అవుతుంది. ఆయనకు తోచింది. అక్కడున్న అందరిలో ఆయనొక్కడికే తోచింది.

"పెడ్తనన్నడు సారూ" అన్నాను. "నాలుగు రాళ్ళు ఏరుకొచ్చిండు. వద్దన్నది నేను. పెండ్లికూతురి తొవ్వల రాయి పెట్టొద్దని చిన్నప్పుడు కొట్టి నేర్పింది నేను. ముందుగాల పరువుమన్నది గా మేనేజరు. రాళ్ళు వద్దన్నది నేను. మా మరిది తప్పు ఏమన్న ఉంటె, మా ఇద్దరి మాట ఇన్నడు. గంతే. గిట్లనే రాసుకోండ్రి."

"ఇది మీ మీదికే వస్తదమ్మా" అన్నాడు ఆఫీసరు.

"రానీ."

రాసింది టీచరమ్మ చేత రెండుసార్లు చదివించుకున్నాను. అప్పుడు వేలు ఇచ్చాను. మూడుసార్లు అద్దినా గీతలు పడలేదు. నల్లటి మచ్చే పడింది. అదే చాలన్నారు.

వాళ్ళు ఏం తేలుస్తారో నాకు తెలియదు. మీరు మాత్రం ఎవరైనా ఆ చాకలాయన వల్లే అంటే, ఆయన రాళ్ళు తెచ్చాడని చెప్పండి. వదినె వద్దందని కూడా చెప్పండి.

చిరిగిన బట్టను వాళ్ళే ఉంచుకున్నారు. మిగిలినవి పోలీసులు మూట కట్టి ఇచ్చారు. మరునాడు పొద్దున రేవుకు పట్టుకుపోయాను. బురద పోయింది. ఒకదాని మీది మరక ఎంత ఉతికినా పూర్తిగా పోలేదు. నేనూ ఇక ఉతకలేదు. ప్రాజెక్టు నీళ్ళు వచ్చాక మా దగ్గర ఇసుక తక్కువ. మిగిలిన తిన్నె మీద గుప్పెడు ఇసుక జారవిడిచి చూశాను. ఏటి మీది గాలి. కూర్చున్నాను. మళ్ళేదాకా కూర్చున్నాను.

తర్వాత ఆ మరక ఉన్న బట్టను పరిచి, నాలుగు కొనల మీద నాలుగు రాళ్ళు పెట్టాను. గాలి కిందికి దూరింది. బట్ట నడుమ, పడుకున్న మనిషి ఛాతీలా మెల్లగా పొంగింది, దిగింది. మళ్ళీ పొంగింది. కొనలు కదల్లేదు.